డ్రమ్ము లెక్క

మొన్న ఆదివారం పొద్దున్నే, బోరు ఎన్ని నీళ్ళు పోస్తోందో చూడ్డానికి దాని దగ్గర డ్రమ్ము పెట్టాం. 200 లీటర్ల నీలం డ్రమ్ము. కొలతకు తప్ప ఇంకో పనికి దాన్ని ఎవరూ ముట్టకూడదని ఇంట్లో రూలు పెట్టాను. ముందు మోటారును గంటసేపు ఆడనివ్వాలి. లేకపోతే రాత్రంతా బోరులో ఊరిన నీళ్ళు ఒక్కసారిగా వచ్చి మనల్ని మోసం చేస్తాయి. గంటయ్యాక ఫిల్టరు ముందున్న బైపాస్ వాల్వు తిప్పి, మా ఆయన పైపును డ్రమ్ములోకి వంచారు. నేను ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాను.

112 సెకన్లు.

ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. 2016లో చీనీ తోటకు డ్రిప్ (చుక్కల సేద్యం) వేయించిన వారంలో ఇదే డ్రమ్ము 80 సెకన్లకు నిండింది. అప్పుడు గంటకు తొమ్మిది వేల లీటర్లు. ఇప్పుడు ఆరు వేల నాలుగు వందలు. నీళ్ళు మిగలాలనే డ్రిప్ వేసుకున్నాం. తొమ్మిదేళ్ళుగా చుక్కచుక్కా లెక్కపెట్టి ఇచ్చాం. మరి మిగిలిన నీళ్ళు ఎక్కడికి పోయాయి?

మాది అనంతపురం జిల్లా నార్పల వైపు. మా దగ్గర సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు. అది కూడా ఎప్పుడు పడాలో అప్పుడు పడదు. చిన్నప్పుడు బడిలో సారు "దేశంలో జైసల్మేర్ తర్వాత తక్కువ వాన మనకే" అని ఏదో ఫస్ట్ ర్యాంకు వచ్చినట్టు చెప్పేవారు. మెట్టలో చెనిక్కాయ, బోరుంటే చీనీ. చెనిక్కాయ అంటే వేరుశనగ, చీనీ అంటే బత్తాయే, కోస్తావాళ్ళ కోసం చెబుతున్నా. మా మామ 1998లో రెండెకరాల్లో 270 చీనీ మొక్కలు పెట్టారు. నేను ఈ ఇంటికి వచ్చేసరికి అవి మొదటి కాపులో ఉన్నాయి.

అప్పట్లో కాలవలతో నీళ్ళు కట్టేవాళ్ళు. ప్రతి చెట్టుకూ పాదు, పాదు నుంచి పాదుకు కాలవ. కరెంటు ఏడు గంటలు, అదీ రెండు విడతలుగా, ఒక విడత రాత్రిపూట. మామ ఒక చేత్తో టార్చిలైటు, ఒక చేత్తో పార పట్టుకుని పోతే తెల్లారి వచ్చేవారు. రెండెకరాలూ ఒక చుట్టు తిరగడానికి ఆరు రోజులు. ఏడో రోజుకు మొదటి సాలు మళ్ళీ దప్పిగొని ఉండేది. రాత్రుళ్ళు పాము భయం, తడి చేత్తో స్టార్టరు ముట్టుకుంటారేమోనని ఇంకో భయం. ఆయన తిరిగొచ్చి కాళ్ళు కడుక్కున్న చప్పుడు వినిపిస్తేనే మా అత్తకు నిద్ర పట్టేది. డ్రిప్ గురించి ఎవరు ఎన్ని గొప్పలు చెప్పినా, నా వరకు మొదటి లాభం మా అత్త నిద్ర.

డ్రిప్పు కోసం అడిగింది నేనే. చుట్టుపక్కల ఊళ్ళలో అప్పటికే చాలామంది వేసుకున్నారు. సూక్ష్మసేద్యం పథకం మన దగ్గర 2003 నుంచి ఉంది. మాలాంటి చిన్న రైతులకు 90 శాతం సబ్సిడీ. పాసు పుస్తకం, ఆధార్ జిరాక్సులు ఇచ్చి, మా వాటా పది శాతం కట్టి, కొన్ని నెలలు ఎదురుచూశాం. ఒకరోజు ట్రాక్టరులో నల్ల పైపుల చుట్టలు దిగాయి. తోటంతా మెయిన్ పైపు పూడ్చి, సాలుకొక లేటరల్ (సన్న పైపు) లాగి, ప్రతి చెట్టు చుట్టూ రింగులాగా పైపు తిప్పి, రింగుకు నాలుగు డ్రిప్పర్లు బిగించారు. ఒక్కో డ్రిప్పరు గంటకు 8 లీటర్లు.

మొదటి రోజు గేటువాల్వు తిప్పగానే మామ ఒక చెట్టు దగ్గర గొంతుకూర్చున్నారు. చాలాసేపు చూసి, "ఏందమ్మా ఇది, చెట్లకు గ్లూకోజు ఎక్కిస్తాండారా?" అన్నారు.

నేను నవ్వాను కానీ ఆయన నవ్వలేదు. పద్దెనిమిదేళ్ళు పాదు నిండా తాగిన చెట్టు చుక్కలతో బతుకుతుందంటే ఆయనకు నమ్మకం కలగలేదు. నిజానికి ఆయన అనుమానం పూర్తిగా తప్పు కాదు. మొదటి ఎండాకాలం ముదురు చెట్లు ఆకు రాల్చాయి. వాటి వేర్లు కాలవల వెంబడి దూరదూరంగా పోయి ఉన్నాయి, మేమేమో మొదలు దగ్గర తడుపుతున్నాం. రింగులు విప్పి కొమ్మల నీడ అంచుదాకా జరిపాక తేరుకున్నాయి. మొదలు దగ్గరే ఎప్పుడూ తడిగా ఉంటే బంక తెగులు కూడా వస్తుంది. పైపులు బిగించడానికి వచ్చిన అబ్బాయి ఈ సంగతి చెప్పలేదు. వాళ్ళకు రోజుకు ఇన్ని ఎకరాలు పూర్తి చేయాలనే టెన్షన్ ఉంటుంది. కొత్తగా వేసుకునేవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి: చెట్టు గొడుగు ఎక్కడిదాకా ఉందో పైపు అక్కడిదాకా పోవాలి, చెట్టు పెరిగే కొద్దీ జరుపుతూ ఉండాలి.

ఈ చుక్కల సేద్యాన్ని ఇజ్రాయెల్‌లో సింహా బ్లాస్ అనే ఇంజనీరు కనిపెట్టాడంటారు. కంచె పక్కన ఒక్క చెట్టు మాత్రం మిగతావాటికన్నా ఏపుగా పెరగడం చూసి తవ్విస్తే, అడుగున పైపు అతుకు దగ్గర నీళ్ళు కారుతున్నాయట. 1965లో హట్జెరిమ్ అనే ఊళ్ళో నెటాఫిమ్ కంపెనీ మొదలైంది ఆయన పనితోనే. గొప్ప సంగతే. కానీ మా అవ్వ పెరట్లో దానిమ్మ మొక్కకు ఓటికుండ అడుగున చిన్న చిల్లు పెట్టి, అందులో గుడ్డపీలిక దూర్చి, సగం దాకా పాతేది. మూడు రోజులకొకసారి కుండ నింపితే చాలు. "శివుడికి ధారపాత్ర కట్టినట్టు" అనేది. అవ్వకు సబ్సిడీ రాలేదు, అంతే తేడా.

సరే, లెక్కకు వద్దాం. నేను ఇంటర్ చదివిందీ లెక్కలతోనే, ఇంట్లో పద్దులు రాసేదీ నేనే.

కాలవల రోజుల్లో మోటారు రోజుకు ఏడు గంటలు ఆడేది. గంటకు తొమ్మిది వేల చొప్పున 63 వేల లీటర్లు. 270 చెట్లకు పంచితే చెట్టుకు రోజుకు 233 లీటర్లు పడినట్టు. డ్రిప్ వచ్చాక నడి ఎండాకాలంలో మూడున్నర గంటలు వదిలేవాళ్ళం. నాలుగు డ్రిప్పర్లు, గంటకు 32 లీటర్లు, మూడున్నర గంటలకు 112. తోటంతటికీ ముప్పై వేల లీటర్లు. సగానికి సగం తగ్గింది! కాయ సైజు కూడా బాగుంది. పాదుల్లో గడ్డి తగ్గింది, కలుపు కూలి తగ్గింది. కరెంటు ఇంకా ఉండగానే మోటారు ఆపేసి ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ రెండేళ్ళు మాకు పండగే.

ఎటొచ్చీ, మోటారు ఆగి ఉంటే రైతుకు చెయ్యి ఊరుకోదు. "నీళ్ళు ఉండాయి కదా, పక్క రెండెకరాలు ఎందుకు బీడు పెట్టాల?" అన్నారు మా ఆయన. చెనిక్కాయ వేసి వేసి నష్టపోయిన చేను అది. నేనూ సరే అన్నాను. అన్నాను కాబట్టే ఇప్పుడు ఇది రాస్తున్నాను. 2018లో ఇంకో 270 మొక్కలు పెట్టాం. మొక్కకు ఒకటే డ్రిప్పరు, రోజుకు పదిహేను లీటర్లు కూడా తాగేవి కావు. బోరుకు తెలియనే తెలియలేదు. చంటిపిల్ల వచ్చిన ఇంట్లో బియ్యం ఖర్చు పెరగదు కదా, అలా.

పిల్ల పెరిగింది. రెండో డ్రిప్పరు, మూడో డ్రిప్పరు, ఇప్పుడు వాటికీ నాలుగే. 540 చెట్లు, చెట్టుకు 112 లీటర్లు అంటే రోజుకు అరవై వేల పైచిలుకు. కాలవల రోజుల్లో తోడిన 63 వేలకు, దీనికీ తేడా ఎంత? మధ్యలో కరెంటు పగటిపూట తొమ్మిది గంటలకు పెరిగింది. మంచిదే, రాత్రి కాపలా పూర్తిగా పోయింది. మేం మాత్రం ఆ తొమ్మిది గంటలూ వాడేశాం. డ్రిప్పు చెట్టుకు నీళ్ళు తగ్గించింది. బోరుకు తగ్గించలేదు. ఎందుకంటే మిగిల్చిన ప్రతి లీటరుకూ మేం ఒక నోరు తెచ్చి పెట్టాం.

మా ఊళ్ళో దాదాపు అందరిదీ ఇదే కథ. కిందటేడు ఒక పెళ్ళిలో లెక్కేసి చూస్తే మా బంతిలో కూర్చున్న ఐదు ఇళ్ళవాళ్ళలో నలుగురు డ్రిప్ వేశాక తోట పెంచుకున్నవాళ్ళే. ఐదో ఆయనకు ఇంక భూమి లేదు.

మామ ఇంకో మాట అంటారు. "కాలవల్లో పారితే భూమి కూడా అంత తాగేది. ఇప్పుడు చెట్టు తాగినాక భూమికి ఏముంది?" అని. మొదట్లో ఇది డ్రిప్పు మీద ఆయనకున్న పాత కోపం అనుకున్నాను. ఆలోచిస్తే కొంత నిజం ఉంది. కాలవల్లో పారిన నీళ్ళలో ఎండకు ఆవిరైంది కొంత, గడ్డి తాగింది కొంత, కానీ కొంత కిందికి ఇంకేది కూడా. అంతా వృథా అని రాసుకున్న దాంట్లో ఆ వాటా మేం వేరే తీయలేదు. మా బోరు నీళ్ళు ఎంతో లోతు రాతి పగుళ్ళ నుంచి వస్తాయి, పాదులో ఇంకిన నీళ్ళు అక్కడిదాకా ఎంత చేరేవో నాకు అనుమానమే. అయినా మామ మాట కొట్టిపారేయలేదు. రెండేళ్ళ కిందట చేను దిగువన నీటి కుంట తవ్వించాం, బోరు చుట్టూ ఇంకుడు గుంత తీసి రాళ్ళు, ఇసుక నింపాం. వాన పడితే పని చేస్తాయి. పడాలి.

డ్రిప్పు వేసేశాం కదా అని ఇంట్లో కూర్చుంటే నీళ్ళు ఆదా కావు అనేది ఇంకో సంగతి. ఈ పని మా ఇంట్లో నాది. పొద్దున్నే గేటు తిప్పాక సాళ్ళ వెంట నడుస్తాను. నాలుగెకరాలు నడిచేసరికి గంట పడుతుంది. ఏ డ్రిప్పరు కింద మట్టి పొడిగా ఉందో, ఎక్కడ బుస్సుమని చిమ్ముతోందో చూడాలి. చేతిసంచిలో తెగిన పైపును అతికే జాయినర్లు, చిల్లులు మూసే డమ్మీలు, ఒక బ్లేడు, నాలుగు కొత్త డ్రిప్పర్లు. నా వేళ్ళు ఇప్పుడు కళ్ళు మూసుకుని కూడా జాయినరు బిగిస్తాయి.

మా నీళ్ళలో సున్నం ఎక్కువ. డ్రిప్పరు మూతి దగ్గర తెల్లగా పేరుకుంటుంది, అన్నం గిన్నెకు గంజి ఎండినట్టు. గీకితే పోదు. ఏడాదికి రెండుసార్లు ఆసిడ్ పెడతాం. హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ను నీళ్ళలో కలిపి వెంచురీ (మందునో ఎరువునో పైపులోకి పీల్చే పరికరం) ద్వారా ఎక్కించి, చివరి డ్రిప్పరు దగ్గర పీహెచ్ కాగితం 4 చూపించాక మోటారు ఆపి, ఒకరోజు అలాగే వదిలేస్తాం. మర్నాడు లేటరళ్ళ చివరలన్నీ విప్పి కడుగుతాం. చివర నుంచి మొదట వచ్చే నీళ్ళు మజ్జిగలాగా ఉంటాయి. రెండు జాగ్రత్తలు. నీళ్ళలో ఆసిడ్ పోయాలి కానీ ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. పైపుల్లో నాచు పోవడానికి బ్లీచింగ్ పెట్టేవాళ్ళు దాన్నీ ఆసిడ్‌నూ ఒకే రోజు కలపకూడదు, విషవాయువు లేస్తుంది. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు. మా ఆయన మొదటిసారి పంచె ఎగ్గట్టి ఉత్తచేతులతో దిగారు. ఆ పంచె ఇప్పుడు జల్లెడ.

ఆయన చేసిన ఘనకార్యం ఇంకొకటి ఉంది. చదివితే తిడతారు, అయినా రాస్తా. ఒక ఏడాది డ్రిప్పులో వేసే కరిగే ఎరువు ఖరీదుగా ఉందని డీఏపీని బక్కెట్లో నానబెట్టి, గుడ్డతో వడగట్టి వెంచురీకి పెట్టారు. చూడ్డానికి నీళ్ళు తేటగానే ఉన్నాయి. కానీ దానిలోని ఫాస్ఫరస్ మా నీళ్ళలోని కాల్షియంతో కలిసి పైపుల్లోనే గట్టిపడింది. నాలుగో రోజుకు కొన్ని సాళ్ళు మొత్తం బందు. మూడు వందలకు పైగా డ్రిప్పర్లు మార్చాం. ఎరువులో మిగిలింది ఎంతో, డ్రిప్పర్లకు పెట్టింది ఎంతో నా పుస్తకంలో పక్కపక్కనే రాసి పెట్టాను. ఆ పేజీ మడిచి ఉంటుంది.

ఉడతల సంగతి చెప్పకపోతే ఈ రాత పూర్తి కాదు. ఏప్రిల్, మే నెలల్లో అవి పైపులు కొరుకుతాయి. పళ్ళ దురదని కొందరంటారు. నా లెక్కలో అది దప్పి. పైపు లోపల నీళ్ళ చప్పుడు వినిపిస్తుంటే పాపం ఏం చేస్తాయి? ఒక ఎండాకాలం రోజుకు పది, పన్నెండు చిల్లులు పూడ్చాను. మందు పెడదామని ఎవరో అన్నారు. మనసొప్పలేదు. పగిలిన కుండల అడుగులు, పాత చిప్పలు ఏరి సాలుకు రెండు చొప్పున పెట్టి, ఒక్కో డ్రిప్పరు వాటిలోకి వంచాను. కొరకడం పూర్తిగా ఆగలేదు కానీ రోజుకు ఒకటి, రెండుకు తగ్గింది. ఆ చిప్పల్లో పిట్టలు కూడా తాగుతాయి. ఒకరోజు పొద్దున ఒక జెముడుకాకి నన్ను చూసి కూడా లేవలేదు, తాగడం అయ్యాకే పోయింది.

చెట్ల కింద చెనిక్కాయ పొట్టు పరచడం మొదలుపెట్టాక ఇంకో అరగంట మోటారు తగ్గించగలిగాం, వానాకాలంలోనూ చలికాలంలోనూ. నడి ఎండకు మాత్రం తగ్గించలేం. కాయ చెట్టు మీద ఉంది.

ఇక ఆదివారం సంగతి. గంటకు ఆరు వేల నాలుగు వందల లీటర్లే వస్తుంటే, 270 చెట్ల గేటు ఒకేసారి తిప్పితే ప్రెషర్ చాలదు. దగ్గరి చెట్లు తాగుతాయి, చివరి సాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తాయి. గేజు ముల్లు పడిపోయి ఉంటే ఫిల్టరు నిండిందేమో అనుకుని కడిగి కడిగి విసిగాం. ఫిల్టరుది తప్పు కాదు. ఇప్పుడు తోటను నాలుగు గేట్లుగా విడగొట్టాం. తొమ్మిది గంటలూ ఆడినా 57 వేల ఆరు వందలు దాటదు. కావాల్సింది అరవై వేల పైచిలుకు. ఆ మూడు వేల లీటర్ల లోటు ఇవాళ ఆకుల్లో కనిపించదు. మే నెలలో కనిపిస్తుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర మాట వచ్చింది. మా ఆయన ఇంకో బోరు అన్నారు. మా పక్క చేనులో కిందటేడు వెయ్యి అడుగులు పోయినా దుమ్మే లేచింది. బోరు లారీ పోయాక ఆ తెల్లటి దుమ్ము వాళ్ళ చెట్ల ఆకుల మీద వాన పడేదాకా అలాగే ఉంది. నీళ్ళను, భూమిని, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, పర్మిషన్ అడగాలి, దూరం చూడాలి. అవన్నీ ఉన్నా, పడితే మాత్రం? ఈ బోరు నీళ్ళనే ఇంకో చిల్లులోంచి తోడుకుంటాం. అదే చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను.

"అయితే ఏం చేద్దామంటావ్?" అన్నారు.

నేను పుస్తకం తెచ్చాను. ప్రతి సాలుకు ఏడాదికి ఎన్ని కాయ, ఎన్ని చెట్లు ఎండు తెగులుతో సగం అయ్యాయి, అన్నీ రాసుకున్నవే. పాత తోటలో తూర్పు వైపు ఐదు సాళ్ళు, 62 చెట్లు. తాగేది మిగతావాటంతే, కాసేది పిడికెడు. ఈ కాపు కోశాక వాటిని తీసేస్తే రోజుకు ఏడు వేల లీటర్లు తగ్గుతుంది. లోటు పూడి, ఇంకో నాలుగు వేలు మిగులుతాయి. ఆ మిగిలిన వాటితో ఏమీ పెట్టకూడదు. మోటారు అంత ముందుగా ఆపేయాలి, అంతే. ఇది చెబుతున్నంతసేపూ నేను మామ వైపు చూడలేదు. 1998లో ఆ మొక్కలకు బావి నుంచి బిందెలతో నీళ్ళు మోసింది ఆయన, మా అత్త.

మామ చెయ్యి కడుక్కుని లేచి పోయారు. తెల్లారి చూస్తే సున్నం డబ్బా పట్టుకుని తూర్పు సాళ్ళలో ఉన్నారు. ఒక్కో చెట్టు మొదలూ తట్టి, బెరడు చూసి, తెల్లగీత గీస్తున్నారు. నేను సంచి తీసుకుని వెనకే పోయాను, ఏ చెట్లు పోతాయో చూసుకుంటే అక్కడ డమ్మీలు ఎన్ని కావాలో తెలుస్తుందని. అరవై ఒకటి లెక్కకు వచ్చాయి. బోరు షెడ్డు పక్కన ఉన్నదానికి గీత లేదు. మా అత్త మధ్యాహ్నం పూట సద్ది తినేది ఆ చెట్టు కిందే. ఆమె పోయి నాలుగేళ్ళు.

"దీనికి పైపు తీసేయండి. నేను బిందెతో పోసుకుంటా. నీ పుస్తకంలో రాయొద్దు," అన్నారు మామ.

సరే మామా అన్నాను.

బిందె పద్నాలుగు లీటర్లు పడుతుంది. పొద్దున రెండు, సాయంత్రం రెండు పోస్తున్నారు. మొత్తం 56.